జీతం ఎంతని అడగడం తప్పా?

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలా?" అంటే మన హాస్టల్ నుంచి వెళ్ళిన వాళ్ళలో చాలామంది "ఏం లేదు సార్" అని లేచి వచ్చేస్తారు. జీతం సంగతి ఎత్తితే ఆశపోతు అనుకుంటారేమోనని భయం. కానీ కూలికి వెళ్ళే మన అమ్మలు ఏం చేస్తారు? నాట్లకు ఎంత, కలుపుకు ఎంత అని ముందు తేల్చుకున్నాకే మడిలో దిగుతారు. చదువులేని అమ్మకున్న ఆ ధైర్యం డిగ్రీ చదివిన మనకెందుకు పోయింది?

ఈ మాట ఈ సంచికలోనే రాయడానికి ఒక కారణం ఉంది. సంచిక కోసం మేము రచనలు అడిగి తెచ్చాం, తప్పులు దిద్దాం, డి.టి.పి. చేయించాం, ప్రూఫులు చూశాం, ప్రెస్సువాళ్ళతో తేదీల కోసం పోట్లాడాం, ఉన్న చందాలో ఖర్చు సర్దాం. ఈ పనినే పెద్ద ఎత్తున జీతానికి చేసేవాళ్ళున్నారు. వాళ్ళను ఎడిటోరియల్ ప్రాజెక్ట్ మేనేజర్లు అంటారు. రాతప్రతి చేతికొచ్చిన రోజు నుంచి పుస్తకం అచ్చయ్యేదాకా కాపీ ఎడిటర్, టైప్‌సెట్టర్, ప్రూఫ్‌రీడర్, రచయిత అందరినీ ఒక గడువులో, ఒక బడ్జెట్‌లో నడిపించడం వాళ్ళ పని. లండన్, న్యూయార్క్ ప్రచురణకర్తల పుస్తకాల పని చాలావరకు చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరు, నోయిడాల్లోని సంస్థల్లో జరుగుతోంది. ఇంగ్లీషు, బి.ఎస్సీ. చదివిన మన అక్కాచెల్లెళ్ళకు ఇది అందని ద్రాక్ష కాదు.

మరి జీతం? అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2024 మే లెక్క ప్రకారం అక్కడ ఎడిటర్ల మధ్యస్థ వార్షిక జీతం 75,260 డాలర్లు. అంటే సగంమందికి అంతకంటే ఎక్కువ, సగంమందికి తక్కువ. అన్ని రంగాలూ కలిపి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నిపుణులకు అది 1,00,750 డాలర్లు. వాక్యం దిద్దే చేతికంటే గడువుకూ, డబ్బుకూ జవాబు చెప్పే చేతికి అక్కడ ఎక్కువ ముడుతోందన్నమాట. దాన్ని రూపాయల్లోకి మార్చి కలలు కనకండి. అక్కడి ఇంటి అద్దెలు కూడా డాలర్లలోనే ఉంటాయి.

అక్కడైనా అడగకుండా పెరగలేదు. న్యూయార్క్‌లో హార్పర్‌కాలిన్స్ ప్రచురణ సంస్థలో 250 మందికి పైగా ఉద్యోగులు 2022 నవంబరు 10న సమ్మెకు దిగారు. అప్పటికి కనీస ప్రారంభ జీతం ఏడాదికి 45,000 డాలర్లు. ఆ ఖరీదైన నగరంలో అంత తక్కువకు పనిచేయాలంటే ఇంటినుంచి డబ్బు రావాలి. అప్పుడు కలవారి పిల్లలే పుస్తకాల రంగంలో మిగులుతారు. 2023 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరి, 2025 నాటికి ఆ జీతం 50,000 డాలర్లకు చేరేలా దశలవారీగా పెంచారు.

మన దగ్గర ఈ పనికి జీతం దేన్నిబట్టి మారుతుంది? మొదటిది, పని ఎవరిదన్నది. విదేశీ ప్రచురణకర్త పనికీ, మన ఊరి ప్రచురణకర్త పనికీ చాలా తేడా. రెండు, విషయం. వైద్యం, న్యాయం, గణితం పుస్తకాలు చూడగలిగితే విలువ ఎక్కువ. మూడు, చేతిలోని విద్య. ఇన్‌డిజైన్, లేటెక్, ఎక్స్ఎమ్ఎల్ తెలిసినవాళ్ళు, విదేశీ రచయితకు తప్పుల్లేని ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవాళ్ళు ముందుంటారు. నాలుగు, ఒకేసారి ఎన్ని పుస్తకాలు, ఎంత బడ్జెట్ మన చేతిలో ఉన్నాయన్నది. ఐదు, పర్మనెంటా, పేజీకింత అని ఇచ్చే పనా అన్నది. ఆరోది ఎవరూ చెప్పనిది: అడిగారా లేదా అన్నది.

మా సీనియర్ అక్క ఒకరు ఇలాంటి సంస్థలోనే చేరారు. పక్క సీటు అమ్మాయికి అదే పనికి నెలకు 4,000 ఎక్కువని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి తెలివి ఎక్కువై కాదు. "ఇంత అడుగు" అని చెప్పడానికి వాళ్ళ బాబాయి ఉన్నాడు. మన అక్కకు ఎవరూ లేరు.

"ముందు ఉద్యోగం రానీ, జీతం తర్వాత చూద్దాం" అని పెద్దలంటారు. ఇంట్లో ఆకలి ఉన్నప్పుడు ఆ మాట కొట్టిపారేయలేం. వచ్చిన ఉద్యోగం వదులుకోమని మేము అనడం లేదు. కానీ తర్వాతి జీతాలు మొదటి జీతం మీదే కట్టుకుంటూ పోతారు. ఈరోజు 3,000 తేడా ఉంటే, ఏటా 10 శాతం చొప్పున ఐదుసార్లు పెరిగేసరికి అది 4,800 దాటుతుంది. అడిగినంత మాత్రాన ఉద్యోగం పోదు. మహా అయితే "కుదరదు" అంటారు.

సి.టి.సి. అన్న మాటతోనూ జాగ్రత్త. నెలకు 30,000 అన్నారనుకోండి. అందులో బేసిక్ 15,000 అయితే 12 శాతం చొప్పున మన పి.ఎఫ్. 1,800, యజమాని వాటా 1,800. గ్రాట్యుటీ పేరుతో మరో 720 దాకా. చేతికొచ్చేది 25,680, అందులోంచి వృత్తిపన్ను వేరే. పి.ఎఫ్. మన సొమ్మే, కానీ అద్దె కట్టడానికి పనికిరాదు. కాబట్టి "చేతికెంత?" అనే అడగాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. నోటిమాటతో చేరకండి.

మెస్‌లో ఎవరికి ఎన్ని గ్రాముల పప్పు రావాలో గోడమీద చార్టు ఉంటుంది. అది చూసే కదా తగ్గినప్పుడు నిలదీస్తాం! జీతాలకు అలాంటి చార్టు లేకపోవడమే మన బలహీనత. దాన్ని మనమే తయారుచేసుకుందాం.

పూర్వ విద్యార్థినులైన అక్కలకు మా విన్నపం ఇదే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలూ, ఫొటోలూ అయ్యాక ఒక్క కాగితం నింపి వెళ్ళండి. మీ పని, ఊరు, చేరినప్పటి జీతం, ఇప్పటి జీతం, నేర్చుకున్న పనిముట్లు రాయండి. పేరు అక్కర్లేదు. ఆ కాగితాలన్నీ ఒక రిజిస్టరుగా కుట్టి రీడింగ్ రూములో పెడతాం. రేపు ఇంటర్వ్యూకి వెళ్ళే చెల్లెలు అది చదివి వెళ్తుంది. వాళ్ళకు బాబాయిలున్నారు. మాకు మీరున్నారు.