టోల్ రహదారుల ఇజారా ఎవరి మేలు కొరకు?

ప్రజాధనంతో నిర్మించిన రహదారులను దీర్ఘకాలం ప్రైవేటు కంపెనీల పరం చేసే విధానాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు రోడ్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ ద్రవ్యీకరణ ప్రణాళికను తెరచి చూస్తే జవాబు దొరుకుతుంది. నాలుగేళ్ళలో ఆరు లక్షల కోట్ల రూపాయలు రాబట్టాలన్న ఆ జాబితాలో అన్నింటికన్న పెద్ద పద్దు 26,700 కిలోమీటర్ల రహదారులది. దాని తరువాతి పద్దు రైల్వేలది: 400 స్టేషన్లు, 90 ప్రయాణికుల రైళ్ళు, కొంకణ్ రైలు మార్గం. రెండు పద్దులకు మధ్య ఉన్నది ఒక్క గీత మాత్రమే.

కొత్త రహదారి వేసి, ఆ ఖర్చును టోల్ రూపంలో రాబట్టుకునే పద్ధతి వేరు. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ రహదారి ముందే ఉన్నది. రైతుల భూమి పోయింది, అప్పు తెచ్చారు, రోడ్డు వేశారు, దానిపై రోజుకు ఎన్ని వాహనాలు తిరుగుతాయో లెక్క తేలింది. నష్టభయమంతా ఖజానా భరించిన తరువాత ఒక కంపెనీ వచ్చి, ఒక మొత్తం చెల్లించి, ముప్పై ఏళ్ళ వసూళ్ళను తన పేర వ్రాయించుకుంటుంది. సంతలో ఆశీళ్ళ పాట చూసిన వారికి ఈ వ్యాపారం కొత్త కాదు. నిజాం రాజ్యంలో శిస్తు వసూళ్ళను ఇజారాదార్లకు అప్పగించే పద్ధతిని దివాను సాలార్‌జంగ్ తొలగించి, 1865లో జిలాబందీ నెలకొల్పాడు. ఒక రాచరిక ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్దంలో వదిలించుకున్న దానిని ప్రజాస్వామ్య ప్రభుత్వం సంస్కరణ అని పిలవడం విడ్డూరం.

ఈ విధానపు తొలి ప్రయోగం 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రాష్ట్రాల రహదారులపై జరిగింది. తొమ్మిది భాగాలు, సుమారు 680 కిలోమీటర్లు, 9,681 కోట్ల రూపాయలకు మక్వారీ అనే విదేశీ సంస్థకు దక్కాయి. అంచనా కంటె ఒకటిన్నర రెట్లు ఎక్కువ పలికిందని అధికారులు సంతోషించారు. పాట పెంచిన వాడు ఆ పెంపును తన జేబులోంచి పెడతాడా? లారీవాని దగ్గర వసూలు చేస్తాడు. లారీవాడు దానిని బియ్యం బస్తా మీద వేస్తాడు. ఆర్.టి.సి. టికెట్టులో టోల్ భారం మోసేది కారు లేని ప్రయాణికుడే.

నిర్వహణలో సామర్థ్యం పెరుగుతుందని చెబుతున్నారు. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. రుసుము బ్యాంకు ఖాతా నుండి దానంతట అదే జమ అవుతున్నది. వసూలు ఇంత సులువైన తరువాత మధ్యవర్తి ఎందుకు? కొత్త రహదారులకు డబ్బు కావాలంటే, ఏ కంపెనీ కన్నా తక్కువ వడ్డీకి అప్పు పుట్టేది ప్రభుత్వానికే. కంపెనీ ఇచ్చే మొత్తం కూడా చాలా వరకు అప్పే. దాని వడ్డీ, ఆపైన లాభం, రెండూ టోల్‌లోనే కలుస్తాయి.

యాజమాన్యం ప్రభుత్వానిదే, ఇది అమ్మకం కాదన్నది మరొక వాదన. హైదరాబాద్ బాహ్య వలయ రహదారిని చూడండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో కొంత భాగానికి జపాన్ సంస్థ జైకా రుణమిచ్చింది. ఆ రుణభారం ప్రభుత్వానిదే. 2023లో 7,380 కోట్లకు దానిని ఐ.ఆర్.బి. సంస్థకు ముప్పై ఏళ్ళ లీజుకు ఇచ్చారు. అదే సంవత్సరం డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మారింది. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఆ లీజుపై ప్రత్యేక దర్యాప్తు ప్రకటించింది. కాని ఒప్పందంలో వ్రాసుకున్న గడువు 2053 వరకు ఉన్నది. అంతకాలం టోల్ తగ్గించాలని ప్రజలు కోరినా, ఏ ప్రభుత్వమైనా కంపెనీకి పరిహారం లెక్క కట్టవలసి వస్తుంది. అమ్ముడుపోయింది తారు, కంకర కాదు. వసూలు ఇక చాలు అని చెప్పగల అధికారం.

ఆ అధికారం ఒకప్పుడు నిబంధనలలోనే ఉన్నది. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల ప్రకారం, ప్రభుత్వ నిధులతో కట్టిన రోడ్డు ఖర్చు రాబడితే టోల్ 40 శాతానికి తగ్గాలి. 2023 సవరణలో ఆ తగ్గింపును తొలగించారు. దీనిపై పెద్ద చర్చ జరగకపోవడం కార్మికోద్యమం కూడా ఆలోచించదగిన విషయం.

ఢిల్లీ–నోయిడా వంతెన రహదారి ఉదంతం మరీ కళ్ళు తెరిపించేది. 1997 ఒప్పందం కంపెనీకి ఏటా 20 శాతం రాబడికి హామీ ఇచ్చింది. రాబడి తగ్గిన మేర ప్రాజెక్టు ఖర్చుకు కలుపుకోవచ్చు. అంటే ఎంత వసూలైనా ఖర్చు పెరుగుతూనే ఉంటుంది! నివాసుల సంఘాల సమాఖ్య కోర్టుకెక్కగా 2016లో అలహాబాదు హైకోర్టు వసూళ్ళను ఆపింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును ధ్రువపరచింది. 2001లో తెరచిన రోడ్డుకు న్యాయం దొరకడానికి ఇంతకాలం పట్టింది.

2025 బడ్జెట్టులో 2025–30 కాలానికి పది లక్షల కోట్ల రెండవ ద్రవ్యీకరణ ప్రణాళికను ప్రకటించారు. కొత్త లీజులు ఇవ్వరాదని, ఇప్పటికే ఇచ్చిన ఒప్పందాల పూర్తి పాఠాన్ని, అంచనా విలువను ప్రజల ముందుంచాలని, 40 శాతం నియమాన్ని పునరుద్ధరించాలని మేము కోరుతున్నాము. టోల్ గేట్ల వద్ద కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే సిబ్బంది ఉద్యోగ భద్రత కూడా ఈ కోర్కెలలో భాగమే. శాఖా సంఘాలు ఈ కోర్కెలపై తీర్మానాలు చేసి తమ పార్లమెంటు సభ్యులకు పంపాలి. లారీ, బస్సు కార్మిక సంఘాలను ఆ సమావేశాలకు ముందుగానే పిలవాలి.