పాత సమాధులు – కొత్త తోట

మన శ్మశానవాటికను బాగుచేయవలెనను మాట సంఘములో వచ్చినది. సంతోషము. అయితే పాత దిబ్బలను చదునుచేసి, సిమెంటు పలకలు పరచి, పచ్చిక పెంచిన చాలునని కొందరు సోదరులు తలచుచున్నారు. ఈ విషయమున నా భిన్నాభిప్రాయమును సవినయముగ మనవి చేయుచున్నాను.

మగ్గమును నమ్ముకొని తెలంగాణము నుండి భివండికి వచ్చిన మన పెద్దలలో ఖననాచారము గల కుటుంబములవారు పలువురు ఈ మట్టిలోనే ఉన్నారు. పేరు చెక్కిన రాయి కొందరికే అమరినది. తక్కినవారికి గుర్తు ఆ మట్టిదిబ్బయే. అది పోయినచో, పెద్దల అమావాస్యనాడు మ్రొక్కవచ్చిన బిడ్డకు ఎచ్చట తల వంచవలెనో తెలియదు.

గోలకొండ కుతుబ్‌షాహీ సమాధులను చూడుడు. 106 ఎకరముల ఆ ఆవరణలో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థయు, పురావస్తు శాఖయు 2013లో పనికి పూనుకొనిరి. మునుపటి మరమ్మతులలో పూసిన సిమెంటును తీసివేసి డంగుసున్నము వేయించిరి. 2013 వానలకు కొంత కూలిన పెద్ద బావిని తిరిగి కట్టించిరి. నేడు బావులలో చేరు వాననీరు అచ్చటి చెట్లకు ఉపయోగపడుచున్నది. ఆ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. 2024 జూలైలో ప్రారంభోత్సవము జరిగినది. అచ్చట సమాధులకు తగినట్లు తోట అమరినదే గాని, తోట కొరకు సమాధులు తొలగలేదు.

అవి పాదుషాల సమాధులు, మనకెట్లు సాధ్యమందురేమో. నేను వర్తకుడను; లెక్కయే చెప్పెదను. పచ్చికకు వేసవిలో నిత్యము నీరు కావలెను. సిమెంటు పరచిన నేల నీటిని ఇంకనీయదు. జూన్ మొదలు కురియు వానయంతయు సమాధులపైకే పారును. రెండును దండుగ ఖర్చులే.

వాలు చూచి నీటికాలువ త్రవ్వింతము. పాడె మోయు నలుగురు జారక నడువదగిన మొరము బాట వేయింతము. ప్రహరీ వెంట, వేళ్లు సమాధులను కదల్పనంత దూరమున, వేప, కానుగ నాటింతము.

స్థలము చాలదనుట నిజమే. ఒక కుటుంబమువారు సమ్మతించినచో, తమ పెద్దల చోటనే తరువాతివారిని ఉంచవచ్చును. కాని పాతవారి పేరు వ్రాసియుంచిన పిదపనే అది జరుగవలెను.

అందుచేత అన్నిటికంటె ముందు ఒక పటము గీయించి, ఏ దిబ్బ ఎవరిదో వృద్ధులనడిగి పుస్తకమున వ్రాయింతము. దీనికి కావలసినది కొన్ని ఆదివారముల శ్రమ మాత్రమే. ఆ వృద్ధులు పోయిన పిదప ఎంత విరాళము పోగైనను ఆ పేర్లు దొరకవు.

ఆ పుస్తకము పూర్తియగు వరకు అచ్చట గడ్డపార వేయవలదని సంఘ సభ్యులను ప్రార్థించుచున్నాను.