వాన్‌స్టెడ్ హౌస్ కథ పూర్తిగా చెప్పించుకుందాం!

ఈస్ట్ లండన్ తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



పిల్లలతో మనం షికారుకెళ్ళే వాన్‌స్టెడ్ పార్కు ఒకప్పుడు ఒక మహాభవనపు తోట. వాన్‌స్టెడ్ హౌస్ అనే ఆ భవనం ఇప్పుడు లేదు. అది నిలిచిన చోట గోల్ఫ్ మైదానంలో ఒక పెద్ద పల్లం మిగిలింది.

కోలిన్ క్యాంప్‌బెల్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో 1715 ప్రాంతంలో పని మొదలైంది. పోర్ట్‌లాండ్ రాయి, సుమారు 260 అడుగుల ముఖభాగం, నడుమ ఆరు కోరింథియన్ స్తంభాల మండపం. రోమన్ గుడి ముఖమండపాన్ని నివాసభవనానికి అమర్చిన తొలి ఇంగ్లిష్ కట్టడాల్లో ఇదొకటి. యార్క్‌షైర్‌లోని వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ భవనానికి ఇదే ఒరవడి.

కట్టించినవాడు రిచర్డ్ చైల్డ్. తండ్రి జొసయా చైల్డ్ ఈస్టిండియా కంపెనీ గవర్నరు, పెద్ద వాటాదారు. 1611లో మచిలీపట్నంలో వర్తక కోఠీ తెరిచి, మన నేతగాళ్ళ బట్టలనూ అద్దకాలనూ ఓడలకెక్కించిన కంపెనీ అదే. ఈ భవనం వెనకున్న సంపదలో మన మగ్గాల కష్టమూ ఉంది.

భవనం నూరేళ్ళ పైచిలుకు మాత్రమే నిలిచింది. వారసురాలు కాథరిన్‌ను 1812లో పెళ్ళాడిన విలియం పోల్ అప్పుల్లో కూరుకుపోయాడు. 1822లో ఇంట్లోని సామాను 32 రోజులు వేలం వేశారు. తర్వాత భవనాన్నే 10,000 పౌన్లకు, కూల్చి రాయీ కలపా పట్టుకుపోయేవాళ్ళకు అమ్మేశారు. ఆపడానికి అప్పట్లో చట్టం లేదు. పాత కట్టడాల రక్షణకు బ్రిటన్‌లో తొలి చట్టం 1882లో గానీ రాలేదు. అదీ ప్రధానంగా చరిత్రపూర్వ కట్టడాలకే.

పోయినదాన్ని తేలేం. మిగిలినదాన్ని పోనివ్వకూడదు. పార్కు 2009లోనే ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాకెక్కింది. కొన్ని చెరువుల్లో నీళ్ళు నిలవడం లేదు. 1884లో కాలిన గ్రోటో (కృత్రిమ గుహ) మొండిగోడలతో ఉంది. పూనుకుంటే కాపాడుకోవచ్చని వెంట్‌వర్త్ వుడ్‌హౌసే రుజువు. 2017లో ఒక ట్రస్టు దాన్ని కొని మరమ్మతులకు దిగింది.

పార్కును చూసుకునే సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్‌ను మనం అడగవలసినవి:

1. భవనం ప్లానుతో, కంపెనీ సొమ్ము సంగతితో సహా మొత్తం చరిత్ర చెప్పే బోర్డులు పార్కులో పెట్టాలి. వాటిలో మచిలీపట్నం పేరుండాలి.
2. చెరువులు, గ్రోటో బాగుచేతకు గడువూ నిధులూ ప్రకటించాలి.
3. స్థానిక బడిపిల్లలకు ఏటా ఇక్కడ చరిత్ర పాఠం చెప్పించాలి.

ఈ వారమే కార్పొరేషన్‌కు ఉత్తరం రాయండి. మీ వార్డు కౌన్సిలర్‌ను కలవండి. ఇరుగుపొరుగు ఇంగ్లిష్, బెంగాలీ, పంజాబీ కుటుంబాలతోనూ సంతకాలు పెట్టించండి. పన్ను కడుతున్న ఊళ్ళో పూర్తి చరిత్ర అడగడం మన హక్కు.

— వాన్‌స్టెడ్ పరిసరాల తెలుగువాళ్ళం