కంప్యూటరు తప్పన్న గుర్రం

శనివారం పొద్దున్న మా ఇంట్లో ఉప్మాతో పాటు చదరంగం కూడా ఉంటుంది. ఇక్కడ డాలస్‌లో మావాడు, అక్కడ తెనాలిలో మా నాన్నగారు, మధ్యన ఫోను. రెండేళ్ళుగా నడుస్తున్న ఆనవాయితీ ఇది. పోయిన నెల కాస్తలో ఆగిపోయేది.

ఆట అయ్యాక మావాడు ఎత్తులన్నీ కంప్యూటరుకి ఎక్కించి, "తాతయ్యా, నువ్వు గుర్రాన్ని అలా ఇచ్చేయడం పెద్ద తప్పంట!" అన్నాడు. "అయితే ఇంక దానితోనే ఆడుకోరా" అని నాన్నగారు నవ్వేశారు. చిన్నబుచ్చుకున్నప్పుడు ఆయన అలాగే నవ్వుతారని నాకు తెలుసు.

బీయస్సీలో కంప్యూటర్సు చదివి చాలా ఏళ్ళయింది. ఆ చదువుకి పట్టిన దుమ్ము దులిపి, ఈ "తప్పు" ఎలా తేలుతుందో చూద్దామని కూర్చున్నాను.

ఇండియన్ స్టోరులో రెండు మామిడిపళ్ళ పెట్టెలున్నాయనుకోండి. పెట్టె ఎంచేది మీరు. కానీ అందులోంచి పండు తీసి ఇచ్చేది మీ మీద కోపంగా ఉన్న ఆడపడుచు. ఉన్నవాటిలో అధ్వాన్నమైనదే ఇస్తుంది! మొదటి పెట్టె అంతా చూశారు, అన్నిటికన్నా అధ్వాన్నమైనది కాస్త పులుపు, అంతే. రెండో పెట్టెలో పైనే కుళ్ళిన పండు కనిపించింది. ఇంక అడుగుదాకా వెతకాలా? అక్కర్లేదు. ఈ కిటుకు పేరే ఆల్ఫా-బీటా ప్రూనింగ్. చూడాల్సినవి బోలెడు తగ్గుతాయి, తేలే జవాబు మాత్రం మారదు. మిగిలిన సమయంలో మరిన్ని ఎత్తులు ముందుకి చూడొచ్చు.

కానీ వెతకడం ఒకటి, ఏది మంచి పండో తేల్చడం ఇంకొకటి. ఆట తీరు ఎక్కువగా ఆ రెండోదాంట్లోనే ఉంటుంది. పాత ప్రోగ్రాములు ముఖ్యంగా బలగం లెక్కపెట్టేవి: బంటుకి 1, గుర్రానికి 3, ఏనుగుకి 5, మంత్రికి 9. రాజుకి రక్షణ ఉందా, బంట్ల వరస బాగుందా అని అదనంగా చూడమన్న ప్రతి సంగతికీ కొంత వేగం పోతుంది. తక్కువ తెలిసి వేగంగా వెతకడమా, ఎక్కువ తెలిసి నిదానంగా వెతకడమా? ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఎప్పుడూ ఇదే తర్జనభర్జన. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ సెకనుకి దాదాపు 20 కోట్ల స్థితులు చూసేది. ఇంక వేగానిదే రాజ్యం అనిపించింది.

తర్వాత ఆల్ఫాజీరో వచ్చింది. తనతో తనే ఆడుకుని నేర్చుకున్న ప్రోగ్రాం. 2018లో వచ్చిన వివరాల ప్రకారం అది సెకనుకి సుమారు 60 వేల స్థితులే చూస్తే, ఎదుటి స్టాక్‌ఫిష్ 6 కోట్లు చూసింది. అయినా 1000 ఆటల్లో ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది, మిగతావి డ్రా. బంట్లని వదులుకుని, బదులుగా తన బలగానికి కదిలే చోటు సంపాదించుకునే దాని తీరు చూసి పెద్ద ఆటగాళ్ళే ముచ్చటపడ్డారు. 2020లో స్టాక్‌ఫిష్ కూడా స్థితికి విలువ కట్టడానికి చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పెట్టుకుంది. సెకనుకి చూసేవి తగ్గాయి, బలం పెరిగింది.

ఇదంతా మావాడికి చెప్పి, "కంప్యూటరు తప్పంటే, కోట్ల స్థితులు చూడగలిగే ఎదుటివాడి ముందు తప్పు అని. తాతయ్య ఎదురుగా కూర్చున్నది నువ్వు కదరా!" అన్నాను. వాడేం మాట్లాడలేదు.

మరుసటి శనివారం వాడే ఫోను కలిపాడు. నాన్నగారు మళ్ళీ గుర్రాన్ని ఇచ్చేశారు. వాడు ఆశగా తీసుకున్నాడు, కాసేపటికి రాజు ఎటూ కదల్లేక చిక్కుకున్నాడు. రాత్రి గుట్టుగా కంప్యూటరులో చూసుకుంటూ దొరికిపోయాడు.

"ఏమందిరా?" అన్నాను.

"తాతయ్యది తప్పేనంటోందమ్మా. కానీ ఓడింది నేను కదా!"

ఆ మాట ఫోనులో చెప్తే నాన్నగారు మళ్ళీ నవ్వారు. ఈసారి మాత్రం నిజంగా.