పెరుగన్నం తరవాత పప్పా?

మా తమ్ముడికి నా మీద కోపం వచ్చింది. ఆస్తి దగ్గర కాదు. అమ్మ ఎవరింట్లో వుండాలన్న దగ్గరా కాదు. అమెరికాలో అరవై దాటిన నలుగురు పెద్దమనుషులు మళ్ళీ కలిసి పాటలు పాడాలా వద్దా అన్న దగ్గర! పాడితీరాలంటాడు వాడు. ఎందుకు పాడాలంటాను నేను. మావారు పేపరు అడ్డం పెట్టుకుని, "ఇంతకీ మీ యిద్దరి తగువు వాళ్ళదాకా వెళ్ళిందా?" అనడిగారు. వెళ్ళలేదు. అయినా యింట్లో తేలే తగువు కాదు గనక పాఠకుల ముందు పెడుతున్నాను. తీర్పు నా వైపు రావాలని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆ నలుగురి బృందం పేరు ఆర్.ఇ.ఎం. డిక్షనరీ తిరగేస్తే కంటబడిన మూడక్షరాల్ని పేరుగా పెట్టేసుకున్నారట. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని ఒక యూనివర్సిటీ వూరుంది. అక్కడ రికార్డుల షాపులో పనిచేసే పీటర్ బక్‌కీ, ఆ షాపుకి వచ్చిపోయే మైకేల్ స్టైప్ అనే చిత్రకళ విద్యార్థికీ స్నేహం కుదిరింది. మేకన్ అనే వూళ్ళో హైస్కూలు నాటినుంచీ కలిసి వాయించుకుంటున్న మైక్ మిల్స్, బిల్ బెర్రీ వాళ్ళకి జతపడ్డారు. 1980 ఏప్రిల్ 5న, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి మొదటిసారి పాడారు. స్టైప్ పాట, బక్ గిటారు, మిల్స్ బేసు, బెర్రీ డ్రమ్ములు.

ఆ తరవాత కొన్నేళ్ళు ఒక వ్యాను, రోడ్డు, చిన్న చిన్న క్లబ్బులు. పెద్ద రేడియోలు వాళ్ళ ముఖం చూడలేదు. కాలేజీ పిల్లలు తమంత తాము నడుపుకునే చిన్న రేడియో స్టేషన్లు మాత్రం నెత్తిన పెట్టుకున్నాయి. ఆ దారిన పైకొచ్చిన సంగీతానికే పోనుపోను ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు పడింది. రాజబాట పక్కన కాలిబాట అన్నమాట. 1983లో 'మర్మర్' అనే మొదటి ఆల్బం వచ్చింది. అందులో స్టైప్ ఏం పాడుతున్నాడో సగం మాటలు అర్థం కావు. అయినా ఆ యేటి ఉత్తమ ఆల్బంగా 'రోలింగ్ స్టోన్' పత్రిక దాన్నే యెంచింది, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' అమ్మకాలతో ప్రపంచాన్ని వూపేస్తున్న యేడు!

1991లో 'లూజింగ్ మై రిలిజియన్' వచ్చింది. బక్ కొత్తగా మాండొలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ నేర్చుకుంటుంటే చేతికి తగిలిన వరస అది. పేరు వినగానే మా అమ్మ, "మతం మార్చుకున్నారేమిట్రా?" అని కంగారుపడింది. కాదు. అమెరికా దక్షిణాదిన ఓర్పు నశించిపోయిందనడానికి వాడే మాట. ఆ పాటకి వీడియో తీసినవాడు మన జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. ఆ యేడు ఎం.టీవీ ఉత్తమ వీడియో బహుమతి దానికే వచ్చింది. మా తమ్ముడు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో వాళ్ళ హాస్టల్ గదిలో నలుగురికీ కలిపి ఒక టేప్ రికార్డరు, అందులో ఈ క్యాసెట్టు వుండేవి. సెలవులకి ఇంటికొచ్చి అదే పెట్టి అదే పెట్టి మా ప్రాణాలు తోడేసేవాడు. అలా అబ్బింది నాకీ పరిచయం.

ఇహ అసలు విషయానికొస్తాను.

ఆ బృందంవాళ్ళు 2011 సెప్టెంబరు 21న, ముప్ఫయ్యొక్కేళ్ళకి, పదిహేను ఆల్బంలు పూర్తిచేసి, "ఇక చాలు" అన్నారు. కొట్టుకోలేదు. కోర్టుకెళ్ళలేదు. ఎవరూ చచ్చిపోలేదు. మేం యెప్పటికీ స్నేహితులమే, బృందంగా మాత్రం ఇంతటితో సరి అని నాలుగు ముక్కలు రాసి ప్రకటించి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వీడ్కోలు యాత్రలని వూరూరా తిరిగి టిక్కెట్లూ అమ్మలేదు.

ఇది మా తమ్ముడికి మింగుడు పడదు. వాడొక్కడికే కాదు, లోకానికే మింగుడు పడదు. గొడవలేకుండా ఎవరైనా ఆపుతారా? లోపల ఏదో వుండే వుంటుంది! ఆఖరికి 2024 జూన్‌లో, న్యూయార్క్‌లో పాటల రచయితలకిచ్చే గౌరవం అందుకోవడానికి నలుగురూ కలిసొచ్చినప్పుడు, మళ్ళీ ఒకటి కావాలంటే ఏం జరగాలి అని టీవీ వాళ్ళు అడగనే అడిగారు. "తోకచుక్క" అన్నాడు మిల్స్. అంత మర్యాదగా వద్దని చెప్పడం నాకింకా చేతకాలేదు.

నన్నడిగితే వాళ్ళలా ఆపగలగడానికి కారణం చివర్లో లేదు, మొదట్లో వుంది. ప్రతి పాట కిందా నలుగురి పేర్లూ వేసుకున్నారు, ఇంగ్లీషు అక్షరాల వరసలో: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. వరస ఎవరు కట్టినా, మాటలు ఎవరు రాసినా డబ్బు నాలుగు సమాన వాటాలు. ఏ పనికైనా ఒక్కడు వద్దంటే మిగతా ముగ్గురూ మానుకోవాలి. మాండొలిన్ పాట బక్ చేతిలోంచి వచ్చింది, వాటా నలుగురిదీ. 1992లో వచ్చిన 'ఎవ్రీబడీ హర్ట్స్' పాట చాలామటుకు డ్రమ్ములవాడు బెర్రీది, వాటా నలుగురిదీ.

మన వంటింట్లో చూడండి. కూర తరిగిందొకరు, కొబ్బరి తురిమిందొకరు, ఆఖర్న వచ్చి పోపు వేసిందొకరు. పేరు పోపు వేసినావిడకే! పాటల బృందాల్లో పోపు వేసేవాడు గాయకుడు. వెనకాల డ్రమ్ములవాడు తిన్నాడో లేదో కూడా ఎవరికీ పట్టదు. సగం బృందాలు చిట్లిపోయేది ఇక్కడే. నా వరసకి నీ పేరేమిటి, నా మాటకి నీ వాటా ఏమిటి అని. ఈ నలుగురూ ఇరవై, పాతికేళ్ళ వయసులో, చేతిలో కానీ లేనప్పుడే ఆ కొట్లాటకి తావు లేకుండా చేసుకున్నారు. డబ్బు వచ్చాక న్యాయంగా పంచుకుందామనుకునే వాళ్ళని చాలామందిని చూశాను. పంచుకోవడం చూడలేదు.

డబ్బు మాటకొస్తే, అదీ తక్కువేం కాదు. 1996లో వార్నర్ కంపెనీతో అయిదు ఆల్బంలకి కొత్త ఒప్పందం కుదిరితే, అప్పటి పత్రికల లెక్క ఎనిమిది కోట్ల డాలర్లు. అంతకుముందు, 1991లోనూ 1992లోనూ రెండు ఆల్బంలు విరగబడి అమ్ముడవుతుంటే కచేరీ యాత్రలకే వెళ్ళలేదు. అలసిపోయాం అన్నారు, ఇంట్లో కూచున్నారు. వాన కురుస్తున్నప్పుడు దోసిలి ముడుచుకున్న వాళ్ళని ఏమంటారు? మా తమ్ముడు తెలివితక్కువ వాళ్ళంటాడు.

తిరిగి యాత్రకి బయల్దేరింది 1995లో. ఆ మార్చి 1న స్విట్జర్లాండులో, లొసాన్ వూళ్ళో పాడుతుండగా, మెదడులో రక్తనాళం చిట్లి బెర్రీ స్టేజి మీదే కుప్పకూలాడు. ఆపరేషన్ జరిగింది, బతికి బయటపడ్డాడు. మళ్ళీ వాయించాడు కూడా. కానీ మనసు తిరిగి రాలేదు. 1997 అక్టోబరులో మానేస్తున్నానన్నాడు. నేను మానేస్తే మీరు విడిపోయేట్టయితే మాత్రం మానను అని కూడా అన్నాడు. జార్జియాలో పొలం చూసుకుంటూ గడ్డి కోసుకున్నాడు. మిగతా ముగ్గురూ కచేరీకి డ్రమ్ములవాళ్ళని పిలుచుకున్నారేగాని, నాలుగో పీట మీద ఎవర్నీ కూచోబెట్టలేదు. మూడుకాళ్ళ కుక్క కూడా కుక్కేగా, పరిగెత్తడం కొత్తగా నేర్చుకోవాలంతే అన్నాడు స్టైప్.

ఇక్కడ మా తమ్ముడు గట్టిగా పట్టుకుంటాడు. "ఒక్కడు పోయినా ఆపేస్తామని అంతకుముందు చెప్పినవాళ్ళే కదక్కా? మాట తప్పి మరో పధ్నాలుగేళ్ళు లాగలేదూ? 2004లో వచ్చిన ఆల్బం ఎంత నీరసంగా వుందో బక్కే చెప్పాడు. మరి నీ 'ఆగడం తెలిసిన వాళ్ళు' అప్పుడెందుకు ఆగలేదు?"

నిజమే. ఇందులో నేను దాచేది లేదు. లాగారు. 'అరౌండ్ ది సన్' నేనూ విన్నాను, రెండోసారి వినలేదు. కానీ వెళ్ళిపోయేవాడే వుండమన్నాక వుండడం మాట తప్పడం కాదు. సాగదీశామని వాళ్ళకే తెలిసింది. తెలిశాక ఏం చేశారు? 2008లో ముప్ఫయ్యయిదు నిమిషాలు కూడా నిండని ఆల్బం చేశారు, చురుగ్గా, ఎక్కడా నీళ్ళు కలపకుండా. 2011లో ఇంకొకటి చేసి, ఒప్పందం ప్రకారం ఇవ్వవలసింది ఇచ్చేసి, లేచారు. చేతకాక లేచినవాళ్ళు కారు. మళ్ళీ చేతనయిందని తేల్చుకుని లేచారు. ఈ రెంటికీ చాలా తేడా వుంది సుమా.

సాగదీయడం సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? కొన్నేళ్ళ కిందట ఒక వారపత్రికలో నా నవల సీరియల్‌గా వచ్చింది. బాగా నడిచింది. నడిచిందే నా ప్రాణం మీదికొచ్చింది. "మరో పది వారాలు లాగండమ్మా" అన్నారు. లాగాను. ఉద్యోగంలో చేరి హాయిగా వున్న నా కథానాయికని తీసుకెళ్ళి ఆస్పత్రిలో పడుకోబెట్టాను. వూళ్ళో లేని మేనత్తని పుట్టించాను. ఆ పది వారాల డబ్బుతో ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నాను. మొన్నామధ్య ఒక పెళ్ళిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ నవల మూడుసార్లు చదివానండీ, ఉద్యోగం వచ్చేదాకా చదివి మూసేస్తాను" అంది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీయడానికి సిగ్గేసింది. ఆ అమ్మాయిని నేనే మంచాన పడేశాను, డబ్బు కోసం.

ఇప్పుడు అదే నవలకి రెండో భాగం రాయమని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. రాయమని మా తమ్ముడు. జనం అడుగుతున్నప్పుడు కాదనడం పొగరంటాడు. జనం అడగనప్పుడు ఆపితే అది ఆపడమెలా అవుతుందిరా? విస్తట్లో పెరుగన్నం తిని, వేళ్ళు కూడా నాక్కున్నాక, "ఇంకొంచెం పప్పు వెయ్యండి" అనే మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. ఆకలి కాదది, పీట దిగబుద్ధికాకపోవడం.

ఒరేయ్ తమ్ముడూ, ఇది నీకే చెబుతున్నాను, నలుగురిలోనూ చెబుతున్నానని అలగకు. నువ్వడుగుతున్నది వాళ్ళ పాట కాదు. పాటలన్నీ అలాగే వున్నాయి, నీ ఫోనులోనే వున్నాయి. నువ్వడుగుతున్నది వరంగల్ హాస్టల్ గది. ఆ గదిలో నలుగురిలో ఒకడితో కలిసి నువ్వు కంపెనీ పెట్టావు. ఆలోచన నాదంటే పెట్టుబడి నాదని విడిపోయారు. తొమ్మిదేళ్ళయింది మాటల్లేక. అమెరికాలో నలుగురు ముసలివాళ్ళు కలిసి వాయిస్తే నీ గదిలో టేప్ రికార్డరు మళ్ళీ మోగుతుందా? వాళ్ళు బృందాన్ని వదులుకుని స్నేహం దక్కించుకున్నారు. నువ్వు మెచ్చుకోవలసిన పాట అదీ.

ఇదంతా విన్నాక వాడు మాట్లాడకుండా ఫోను తీసి 2024 నాటి వీడియో పెట్టాడు. నలుగురూ నిలబడ్డారు. జుట్టు నెరిసింది, కొందరికి వూడింది. బెర్రీ కూడా వున్నాడు. మాండొలిన్ పాట ఒక్కటి పాడారు. అయిపోయింది. "2025 ఫిబ్రవరిలో కూడా ఏథెన్స్‌లో వాళ్ళ పాటలు వేరేవాళ్ళు పాడుతుంటే నలుగురూ స్టేజి ఎక్కారు, తెలుసా?" అన్నాడు. తెలుసు. చుట్టపుచూపుగా రావడం వేరు, కాపరం పెట్టడం వేరు.

"ఇంకొక్కటి పాడితే ఏం పోయేదక్కా?" అన్నాడు, గొంతు మారిపోయి.

నేను జవాబు చెప్పలేదు. వాడు రాత్రి భోజనం దగ్గర పెరుగన్నం తిని, పప్పు గిన్నెవైపు చూసి, నన్ను చూసి, చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ హాస్టల్ స్నేహితుడి కొత్త నెంబరు ఎవరి దగ్గరుంటుందో అని మాత్రం మావారితో అంటుంటే విన్నాను.

రెండో భాగం రాయనని ప్రచురణకర్తకి ఉత్తరం రాసేశాను. ముందుగా ఇస్తామన్న పైకం ఎంతో మాత్రం మావారికింకా చెప్పలేదు. ఈ సంచిక ఇంటికి రాకముందే చెప్పాలి.