మన పిల్లల ఆన్‌లైన్ వ్యాపారాలకు కావలసింది డిపాజిట్లా, ఆర్డర్లా?

మన తెలుగు సంఘాలకు వచ్చే విన్నపాల తీరు మారింది. ఒకప్పుడు బళ్ళో తెలుగు సెక్షన్ నిలబెట్టమనీ, కళ్యాణ మండపం అద్దె తగ్గించమనీ వచ్చేవారు. ఇప్పుడు వచ్చే మాట వేరు. "మా అబ్బాయి ఆన్‌లైన్ కంపెనీ పెట్టాడు. సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా ఇవ్వండి. ఉగాది సభలో ఒక ప్రకటన చేయండి. తలా యాభై వేలు పెడితే నూటికి నెలకు ఒకటిన్నర ఇస్తాడు." అడిగేవారు బయటివారు కాదు. మూడు తరాలుగా ఒకే వీధిలో ఉన్నవాళ్ళు. అడిగించుకునేవారిలో ఎక్కువమంది పదవీ విరమణ సొమ్ము బ్యాంకులో వేసుకుని వడ్డీతో గడుపుతున్నవారు. మొహమాటానికి పోతే పోయేది ఆ సొమ్ము ఒక్కటే కాదు, అడిగిన కుర్రవాడు కూడా చిక్కుల్లో పడతాడు. ఈ రెండో సంగతి మనలో చాలామందికి తెలియదు.

2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం అని దాని పేరు. తిరిగి ఇస్తామన్న మాట మీద పదిమంది దగ్గర డబ్బు పోగు చేయడాన్ని, ఏ నియంత్రణ సంస్థ అనుమతీ లేకుండా, ఒక వ్యాపారంగా నడిపితే నేరం. డిపాజిట్లు ఇమ్మని పిలుపు ఇచ్చినందుకే ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా జైలు, 2 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా. తీసుకుంటే జైలు రెండేళ్ళ నుంచి ఏడేళ్ళు. అవసరానికి స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులును ఈ చట్టం పట్టుకోదు. వాట్సాప్ గ్రూపులో పెట్టి, సభలో మైకు ముందు చెప్పి, తలా ఇంత అని వసూలు చేస్తే అది చేబదులు కాదు.

"చుట్టాల దగ్గరే కదా తీసుకుంటున్నాం" అంటారు. చట్టంలో బంధువుల దగ్గర తీసుకునే అప్పుకు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే బంధువు అంటే ఎవరో కంపెనీల చట్టం చెప్పిన అర్థమే ఇక్కడా వర్తిస్తుంది. భార్య లేక భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. ఆ జాబితాలో మేనమామ లేడు. బాబాయి లేడు. మేనత్త, వియ్యంకుడు అసలే లేరు. మన ఇళ్ళల్లో మేనమామ లేనిదే ముహూర్తం కదలదు, చట్టం మటుకు ఆయన్ని పరాయివాడిగానే చూస్తుంది.

సరే, అప్పుగా కాక వాటాలుగా తీసుకుందామంటే దానికీ దారి ఉంది, కట్టుబాటూ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వాటాలు కొనమని ప్రజలను బహిరంగంగా పిలవకూడదు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించకుండా, పేరు పేరునా రాతపూర్వకంగా అడగాలి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, నగదు పనికిరాదు. 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. లేకపోతే తర్వాతి 15 రోజుల్లో సొమ్ము వాపసు చేయాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. పత్రికల్లోనో సభల్లోనో ప్రకటన ఇవ్వడం ఈ పద్ధతికే విరుద్ధం. ఉగాది వేదిక మీద "మా కంపెనీలో వాటాలు తీసుకోండి" అని చెప్పించడం కుదరదని మేము అనడం అందుకే. అది సంఘం పెడసరం కాదు. వాటా తీసుకున్నవారికి నెలనెలా వడ్డీ రాదు. కంపెనీ మునిగితే వాటా కూడా మునుగుతుంది. ఈ మాట ముందే చెప్పి అడిగే కుర్రవాడిని మేము గౌరవిస్తాం.

ఇక లెక్క చూద్దాం. ఎక్కువగా మన దగ్గరకు వస్తున్నవి పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు, చేనేత వంటి వ్యాపారాలే. పది లక్షలు నూటికి ఒకటిన్నర చొప్పున తీసుకుంటే నెలకు 15,000 వడ్డీ, ఏడాదికి 1,80,000. కిలో పచ్చడి మీద ఖర్చులన్నీ పోను వంద రూపాయలు మిగిలిందనుకుంటే, నెలకు 150 కిలోలు అమ్మినా అది వడ్డీకే చాలుతుంది. అసలు కదలదు. మొదటి ఆరు నెలల్లో అంత అమ్మగలిగినవాడికి మన డిపాజిట్లతో పని ఉండదు. అమ్మలేనివాడు కొత్త డిపాజిట్ తెచ్చి పాత వడ్డీ కడతాడు. మోసం చేయాలనే ఉద్దేశం లేనివాడు కూడా అక్కడికే చేరుకుంటాడు.

మరి డబ్బు ఎక్కడిది? కొనేవారి దగ్గరిదే. ఆవకాయ కాలం ఉగాది వెళ్ళాక వస్తుంది. ఆ కుర్రవాడు ఉగాది రోజున రుచి చూపించి ఆర్డర్లు తీసుకోవచ్చు. కిలో సీసా 500 రూపాయలనుకుందాం. 300 ఇళ్ళవారు సగం ముందుగా ఇస్తే 75,000 చేతికి వస్తుంది. కాయలు, నూనె, సీసాలు కొనడానికి అది మొదటి పెట్టుబడి. వడ్డీ లేదు, పత్రం లేదు. సరుకు కోసం వ్యాపార రీత్యా తీసుకునే అడ్వాన్సు డిపాజిట్ కిందకు రాదు, చెప్పిన గడువుకు సరుకు ఇస్తే చాలు. ఇచ్చేవారికి కూడా పోతే 250 రూపాయలే పోతాయి. పైగా సరుకు చేయకముందే ఎంతమందికి కావాలో తెలిసిపోతుంది. ప్రకటన, పెట్టుబడి, బేరం పరీక్ష మూడూ ఒకే పనిలో అయిపోతాయి.

ఇది చిన్న వ్యాపారాలకే పనికొచ్చే మాట అనుకోవద్దు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ 2005 దీపావళికి హైదరాబాదు వెళ్ళడానికి బస్సు టికెట్ దొరకక ఆగిపోయారు. ఆ ఇబ్బందిలోంచి 2006లో రెడ్‌బస్ పుట్టింది. ముగ్గురు మిత్రులు సొంతంగా పోగేసుకున్న 5 లక్షల రూపాయలతో మొదలుపెట్టారు. మొదట్లో ఐటీ ఆఫీసుల దగ్గర నిలబడి కార్డులు పంచారు. టికెట్లు అమ్మి చూపించాక, 2007లో సీడ్‌ఫండ్ అనే సంస్థ పెట్టుబడి పెట్టింది. 2013లో ఇబిబో సంస్థ దాన్ని కొనుక్కుంది. బెంగుళూరులోనే 2010లో మొదలైన జెరోధా అయితే నేటి వరకు బయటి పెట్టుబడి తీసుకోలేదు. షేర్ల వ్యాపారం గురించి ఉచిత పాఠాలు రాసి పెట్టి జనాన్ని రప్పించుకుంది. వీరందరికీ మొదట దొరికింది కొనేవారు, తర్వాతే సొమ్ము.

మన చెదరిన బతుకే ఇక్కడ మనకు కలిసొస్తుంది. షోలాపూర్ నేత కుటుంబాలు, బరంపురం ఇళ్ళు, హోసూరు, యానాం, బెంగుళూరు పాత పేటలు. గోంగూర పచ్చడి అంటే ఏమిటో వివరించనక్కరలేని ఇళ్ళు ఇవన్నీ. వీరిని చేరడానికి డబ్బిచ్చి ప్రకటనలు వేయనక్కరలేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టవచ్చు, అయితే మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. ఈ నిబంధన మంచిదే. కావాలనుకున్నవారికే చేరుతుంది కదా.

సంఘం సభ్యుల జాబితా మటుకు ఎవరికీ ఇవ్వం. సభ్యత్వం కోసం ఇచ్చిన నంబరు అది. ఏ పని కోసం సమ్మతితో ఇచ్చారో ఆ పనికే వాడాలనేది 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సారం. ఏ చట్టమూ లేకపోయినా ఇవ్వకపోయేవాళ్ళం.

రాష్ట్రాలు దాటి అమ్మేవారు జీఎస్టీ సంగతి ముందే చూసుకోవాలి. సొంత రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పుదుచ్చేరి కిందనున్న యానాంలో 20 లక్షలే. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటివారు ఒక నమోదు సంఖ్య తీసుకుని ఆన్‌లైన్ వేదికల్లో కూడా అమ్మవచ్చు, సొంత రాష్ట్రం లోపల. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. యానాం నుంచి కాకినాడకు పంపినా, హోసూరు నుంచి అత్తిబెలెకు పంపినా రాష్ట్రం దాటినట్టే. తినే వస్తువులకైతే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ సంఖ్య సీసా మీద ఉండాలి. ఇవి లేనివారి సరుకు సంఘం బల్ల మీదకు రాదు.

ఇంకొక అపోహ. భాషా అల్పసంఖ్యాకులమన్న ధ్రువపత్రం ఉంటే మైనారిటీ రుణాలు వస్తాయని చాలామంది మా దగ్గరకు వస్తున్నారు. రావు. కేంద్ర మైనారిటీ సంస్థ ఇచ్చే రుణాలు ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్సీ, జైన మతస్తులకు. భాషా మైనారిటీలకు రాజ్యాంగం చదువులోనూ సంస్కృతిలోనూ రక్షణ ఇచ్చింది, వ్యాపార రుణం ఇవ్వలేదు. అందరికీ ఉన్న దారులే మనకూ. ముద్ర రుణంలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. కొత్త ఆలోచన ఉన్న కంపెనీలైతే తమిళనాడులో టాన్‌సీడ్, కర్ణాటకలో ఎలివేట్ పథకాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారాలు నింపడంలో సాయం కావాలంటే ఆదివారం ఉదయం సంఘం గదికి రండి. ఫారాలతోనే మా ఉద్యోగాలు గడిచాయి, విసుగు లేదు.

వచ్చే ఉగాదికి మా సంఘం హాలు వెనక పది బల్లలు వేయిస్తున్నాం. అద్దె లేదు. సంఘ సభ్యుల కుటుంబాల నుంచి మొదలైన ఏ ఆన్‌లైన్ వ్యాపారమైనా రావచ్చు. ధర, సరుకు అందించే తేదీ, బిల్లు ఇచ్చేవారి చిరునామా కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాలి. అడ్వాన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలి, ఒక నకలు కార్యదర్శికి ఇవ్వాలి. వేదిక మీద ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. సరుకు గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. వడ్డీ మాట, వాటా మాట వస్తే మైకు ఆపేస్తాం. పేర్లు ఉగాదికి పదిహేను రోజుల ముందు వరకు తీసుకుంటాం.