పేరు మారని పికప్ కొనొద్దు

బిలాస్‌పూర్‌లో అర్పా నదికి ఇవతల, సర్కండాలో పికప్ బండిని దర్జా కోసం ఎవరూ కొనరు. దాని మీద ఇల్లు గడవాలి. తెల్లవారకముందే తిఫ్రా మండీ నుంచి కూరగాయలు, పగలు వ్యాపార్ విహార్ నుంచి కిరాణా సరుకు, సాయంత్రం సీపత్ రోడ్డు వైపు సిమెంటు, ఇనుము, టెంట్‌హౌస్ కుర్చీలు, అన్నీ టాటా ఏస్, బొలెరో పికప్‌ల మీదే కదులుతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర వాళ్లు వచ్చి స్థిరపడిన ఊరిది. తాతకు దొరికిన రైల్వే కొలువు మనవడికి దొరకనప్పుడు, రిటైర్మెంటు డబ్బులో కొంత తీసి బండి కొనిపెట్టే ఇళ్లున్నాయి. అలాంటి ఇంటివాళ్లు షోరూముకు వెళితే నెలల తరబడి ఆగమంటారు, లేదా పైన కొంత ఇస్తే ముందే ఇప్పిస్తామంటారు. అప్పుడు ఏం చేయాలి? మా మాట స్పష్టం. పైడబ్బు పోసి కొత్తది కొనేకంటే కాగితాలు సరిగా ఉన్న పాత బండి కొనడం మేలు. ఆర్సీలో పేరు మారని బండిని మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు. అలాంటి అమ్మకాలను రవాణా శాఖ చూసీచూడనట్టు వదిలేయకూడదు.

బండ్ల కొరత అప్పుడెప్పుడో కరోనా నాటి ముచ్చట అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి, అదే సమయంలో లాక్‌డౌన్ ఫ్యాక్టరీలను మూసేసింది. మరుసటి ఏడాది చిప్‌ల కరువు. 2021 మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ చిప్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగితే ఆ దెబ్బ మన దాకా వచ్చింది. ఆ సెప్టెంబరులో హర్యానా, గుజరాత్ ప్లాంట్లలో మామూలు ఉత్పత్తిలో 40 శాతమే తీయగలమని మారుతి ముందుగానే ప్రకటించింది. మహీంద్రా ఉత్పత్తిని 20 నుంచి 25 శాతం తగ్గించుకుంది. 2025 అక్టోబరులో నెక్స్‌పీరియా కంపెనీ విషయంలో చైనా, నెదర్లాండ్స్ గొడవపడేసరికి ప్రపంచమంతటా కార్ల కంపెనీలు మళ్లీ చిప్‌ల కోసం వెతుక్కున్నాయి. ఎక్కడో జరిగినదానికి బిలాస్‌పూర్‌లో కిరాయి బండి కొనుక్కునేవాడు ఆగాల్సి వస్తోంది. ఇది మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పాత బండికి వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, కాబట్టి కొత్తదే లాభమని కొందరంటారు. మొదటి సగం నిజమే. లెక్క మాత్రం పూర్తిగా వేయాలి. ఉదాహరణకు కొత్త బండికి 8 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుందాం. కిస్తీ నెలకు సుమారు 17 వేలు. పాత బండికి 5 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అనుకుంటే కిస్తీ దాదాపు అంతే. అయితే మొదటివాడు మొత్తం 10 లక్షల 20 వేలు కడతాడు, రెండోవాడు 6 లక్షల 15 వేలతో మూడేళ్లకే బయటపడతాడు. రిపేర్లకు మరో లక్ష, లక్షన్నర వేసుకున్నా తేడా మిగులుతుంది. కొత్త బండి కోసం ఆగే నెలల్లో పోయే కిరాయి ఈ లెక్కలో ఇంకా చేర్చలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నిజంగా మేలు చేసిన నిర్ణయమే అది. కానీ కొరతలో పైడబ్బు అడిగేవాడికి ఆ తగ్గింపును అప్పజెప్పితే ప్రభుత్వం వదులుకున్న పన్ను దళారి జేబులో పడుతుంది.

కొరత రోజుల్లో పాత బండి ధర కూడా పెరుగుతుంది కదా అన్న ప్రశ్న సరైనదే. 2022 జనవరిలో అమెరికాలో పాత వాహనాల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 40 శాతానికి పైగా పెరిగాయి. అసలు ప్రమాదం ధరకన్నా తొందరలో ఉంది. ‘ఇవాళ తీసుకోకపోతే రేపు వేరేవాళ్లు తీసుకుంటారు’ అని బ్రోకరు అనగానే కొనేవాడు రంగు చూసి, ఇంజను చప్పుడు విని డబ్బు చేతిలో పెట్టేస్తాడు. తొట్టి కిందకి వంగి ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులున్నాయేమో చూడడు. వెనక కమాన్ పట్టీలు అదనంగా వేసి ఉంటే ఆ బండి ఇన్నాళ్లూ ఓవర్‌లోడ్ మోసిందని అర్థం. ఛాసిస్ మీద కొట్టిన నంబరును ఆర్సీతో పోల్చి చూడడానికి అయిదు నిమిషాలు చాలు. వాహన్ పోర్టల్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు, ఫైనాన్సు బాకీ ఉందో లేదో తెలిసిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్నది ముందే గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో జరిగే అమ్మకం. అమ్మినవాడు ఫారం 29, 30 మీద సంతకం చేసి ఇస్తాడు, బండి మూడు నాలుగు చేతులు మారుతుంది, ఆర్సీలో పేరు మాత్రం మొదటివాడిదే. ‘అందరూ ఇలాగే చేస్తున్నారు, ఏమయింది?’ అంటారు. ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న చెప్పింది. 2007లో అమ్మేసిన బండి చేతులు మారి 2009లో ప్రమాదం చేస్తే, ఆర్సీలో ఉన్న మొదటి యజమానే పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. అమ్మినవాడి గతి అది. కొన్నవాడి గతి ఇంకో రకం. బండి బోల్తా పడితే, పాలసీ తన పేర మారలేదు గనక సొంత నష్టానికి ఇన్సూరెన్సు డబ్బు రాదు. ఫైనాన్సు బండి అయితే మరీ ఘోరం. మిగిలిన కిస్తీలు నువ్వు కట్టుకో అన్న నోటిమాట మీద కొన్నవాడు నెలనెలా వేరొకరి పేర డబ్బు కడతాడు. మధ్యలో అసలు అప్పుదారుకు ఇంకో బాకీ తేలితే ఫైనాన్సు కంపెనీ బండి ఎత్తుకుపోతుంది. ఇన్నాళ్లూ కట్టిన డబ్బుకు ఒక్క కాగితం ముక్క ఉండదు.

విశాఖలోనో శ్రీకాకుళంలోనో బంధువు దగ్గర బండి చవగ్గా వస్తుందని తెచ్చుకునేవారు మన తెలుగువాళ్లలో ఉంటారు. బంధుత్వం ఆర్టీవో ముందు చెల్లదు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి, పన్నెండు నెలలు దాటి ఇక్కడే తిప్పితే సీజీ-10 నంబరుకు మార్చుకోవాలి. ఈ ఖర్చంతా కలిపాకే చవకో కాదో తేల్చుకోవాలి.

పేరు మార్పిడికి ఏజెంట్లు, తిరుగుడు, రోజుల కొద్దీ ఆలస్యం అన్న ఫిర్యాదును మేం కొట్టిపారేయం. అందుకే బాధ్యత కొనేవాడి మీదే మోపి ఊరుకోకూడదు. పాత బండ్ల వ్యాపారి రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని, చేతికొచ్చిన ప్రతి బండి సంగతీ తెలియజేయాలని 2022 డిసెంబరులో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. బిలాస్‌పూర్ ఆర్టీవో ఆ పత్రం ఉన్న వ్యాపారుల పేర్లు గోడ మీద అంటించాలి, లేనివారి దుకాణాలు మూయించాలి. అప్పు తీరిన రోజే ఫైనాన్సు కంపెనీలు ఎన్‌ఓసీ చేతికివ్వాలి. షోరూములు బుకింగ్ వరస నంబర్లను అందరికీ కనబడేలా పెట్టాలి. కొనేవారికి మా విన్నపం ఒకటే. బేరం కుదిరినా మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి, ఆర్సీలో మీ పేరు పడేదాకా కొంత మీ దగ్గరే ఉంచుకోండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బండి కొనకండి.